పట్టాల పక్కన చేతిదీపం

టార్చిలైటు నాలుగు భాగాల యంత్రం: కరెంటునిచ్చే సెల్లు, కరెంటును వెలుగుగా మార్చే బల్బు, ఆ వెలుగును ఒక దిక్కుకు మళ్లించే అద్దం, ఈ మూడింటినీ కలిపి ఉంచే, స్విచ్చి ఉన్న గొట్టం. నూట పాతికేళ్లలో ఈ నాలుగూ మారిపోయాయి. ఇళ్లలో వాడే టార్చిలో కన్నా రైలు పట్టాల పక్కన పనిచేసే చేతిదీపంలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంట్లో టార్చి ఆరిపోతే కొవ్వొత్తి వెతుక్కోవచ్చు. రాత్రి గస్తీ తిరిగే ట్రాక్‌మన్ చేతిలో ఎర్రదీపం వెలగకపోతే, ఎదురుగా వచ్చే రైలును ఆపడానికి అతనికి ఉన్న సాధనాల్లో ముఖ్యమైనది పోయినట్టే.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఇలాంటి దీపాల ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు ఉన్న మీటర్ గేజి లైనును తీసుకుని బ్రాడ్ గేజిగా మార్చింది. దాన్ని బిలాస్‌పూర్ మీదుగా పొడిగించి 1891కి అసన్‌సోల్ చేర్చింది. కట్నీ వైపు వెళ్లే లైను ఇక్కడే చీలడంతో బిలాస్‌పూర్ పెద్ద జంక్షన్ అయింది. వాల్తేరు, కటక్‌ల మధ్య తూర్పు తీరపు లైను 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. ఆ దారినే ఉత్తరాంధ్ర కుటుంబాలు రైల్వే కొలువుల కోసం ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు తరలివెళ్లాయి. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

తొలినాళ్లలో ఇక్కడి గార్డులు, పాయింట్స్‌మన్‌ల చేతిలో ఉన్నది కిరసనాయిలు దీపం. రేకు డబ్బా లోపల ఒత్తి, దాని చుట్టూ తిరిగే రంగు అద్దాలు, పైన పొగ పోయే గొట్టం, పట్టుకోవడానికి పిడి. పిడి దగ్గర తిప్పితే తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ ఒకదాని తర్వాత ఒకటి ఒత్తి ముందుకు వస్తాయి. ఆ ఆకుపచ్చ అద్దాన్ని పగటి వెలుతురులో చూస్తే నీలం కలిసిన రంగులో ఉంటుంది. కిరసనాయిలు మంట పసుపు. పసుపు వెలుగు నీలాకుపచ్చ అద్దం గుండా వస్తేనే దూరంగా ఉన్న డ్రైవరు కంటికి నిజమైన ఆకుపచ్చగా కనిపిస్తుంది. అద్దం రంగును మంట రంగును బట్టి ఎంచేవారు.

ఈ దీపానికి ఒక భాష ఉంది. రైల్వే సాధారణ నియమాల ప్రకారం రాత్రివేళ ఎర్రదీపం చూపితే ఆగాలి. ఎరుపు అందుబాటులో లేకపోతే తెల్లదీపాన్ని శరీరానికి అడ్డంగా జోరుగా ఊపినా అదే అర్థం. ఆకుపచ్చను కదలకుండా పట్టుకుంటే ముందుకు సాగవచ్చు. నిలువుగా పైకీ కిందికీ ఊపితే జాగ్రత్తగా సాగాలి. పెట్టెలను ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే షంటింగులో ఆకుపచ్చను అడ్డంగా ఊపితే ఇంజను దీపం పట్టుకున్నవాడి వైపు రావాలి, నెమ్మదిగా పైకీ కిందికీ కదిపితే దూరంగా వెళ్లాలి. చేతిలోని దీపం ఏదైనా ఈ భాష మాత్రం మారలేదు.

కిరసనాయిలుకు బదులు కరెంటు చేతిలోకి రావడానికి ముందు సెల్లు పొడిగా మారాలి. 1866లో ఫ్రాన్సు ఇంజనీరు జార్జ్ లెక్లాంషే తయారుచేసిన సెల్లులో నవాసాగరం కలిపిన నీళ్లు ఉండేవి. దాన్ని ఒంచితే ఒలికిపోయేది. 1880ల చివరలో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ ఆ నీళ్లను ముద్దగా మార్చి జింకు డబ్బాలో బిగించాడు. మధ్యలో కార్బన్ కడ్డీ, చుట్టూ మాంగనీసు డయాక్సైడు పొడి, బయట జింకు: ఒక్కో సెల్లు ఒకటిన్నర వోల్టు ఇస్తుంది. జింకు డబ్బాయే కరుగుతూ కరెంటునిస్తుంది కాబట్టి, పాత సెల్లును టార్చిలో వదిలేస్తే డబ్బాకు చిల్లుపడి లోపలి ముద్ద కారి స్ప్రింగును తినేస్తుంది.

న్యూయార్కులో పనిచేసిన డేవిడ్ మిసెల్ అనే ఇంగ్లీషు ఆవిష్కర్తకు 1899 జనవరి 10న గొట్టం ఆకారపు టార్చి మీద అమెరికా పేటెంటు వచ్చింది. మూడు పెద్ద సెల్లులు వరుసగా, చివర బల్బు, దాని వెనక ఇత్తడి అద్దం. ఇంటి అలమరలో ఇప్పటికీ దొరికే పాత టార్చి రూపం అదే. దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీని నడిపింది కాన్రాడ్ హ్యూబర్ట్ అనే వలసదారు. కొన్ని టార్చిలను న్యూయార్కు పోలీసులకు ఉచితంగా ఇచ్చి వాడి చూడమన్నాడు. అప్పటి కార్బన్ ఫిలమెంటు బల్బుకు సెల్లు నిలకడగా కరెంటు ఇవ్వలేకపోయేది. కాసేపు మెరిపించి ఆపాల్సి వచ్చేది కాబట్టే దానికి ఫ్లాష్‌లైటు అనే పేరు నిలిచింది. 1910 ప్రాంతంలో టంగ్‌స్టన్ ఫిలమెంటు వచ్చాకనే టార్చి ఆపకుండా వెలగడం నేర్చింది. హ్యూబర్ట్ కంపెనీ పెట్టిన పేరే ఎవరెడీ.

ఎవరెడీ సెల్లులు 1905లో అమెరికా నుంచి భారతదేశానికి దిగుమతయ్యాయి. తర్వాత అలహాబాదులో జీప్ కంపెనీ టార్చిలు తయారుచేసింది. ఇతర పదార్థాలు కూడా కలిసిన ప్లాస్టిక్ టార్చిని ‘ప్లాస్టిక్ వస్తువు’ అనవచ్చా అన్న ఎక్సైజు వివాదంలో ఆ కంపెనీ 1976లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అనకూడదని కోర్టు తేల్చింది. ఇత్తడి గొట్టాల స్థానంలోకి ప్లాస్టిక్ ఎంతగా వచ్చేసిందో ఆ కేసే చెబుతుంది. 1972లో మొదలైన ఇండో నేషనల్ కంపెనీ జపాను సాంకేతిక సాయంతో నెల్లూరులో నిప్పో సెల్లుల తయారీ చేపట్టింది. తెలుగు పల్లెల్లో పొలానికి నీళ్లు కట్టడానికి రాత్రి వెళ్లే రైతు టార్చిలో కనిపించే సెల్లు అది. రైల్వేలో వర్షాకాలపు గస్తీకి వెళ్లేవారికి ఇచ్చే సామగ్రిలో పేలుడు శబ్దంతో డ్రైవరును హెచ్చరించే డిటోనేటర్లు, ఈల, మూడు రంగుల చేతిదీపంతో పాటు మూడు సెల్లుల టార్చి కూడా చేరింది.

ఫిలమెంటు బల్బుకు రెండు లోపాలు ఉన్నాయి. తీసుకున్న కరెంటులో చాలా భాగాన్ని వేడిగా పోగొడుతుంది. మొత్తం వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు; చిన్న టార్చి బల్బు ఒక వాటుకు ఇచ్చేది పది, పదిహేను ల్యూమెన్లు. రంగు దీపంలో ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. తెల్లని వెలుగుకు ఎర్ర అద్దం అడ్డుపెడితే ఎరుపు మాత్రమే దాటుతుంది, మిగతా రంగులన్నీ అద్దంలోనే ఆగిపోతాయి. రెండో లోపం, సెల్లు బలం తగ్గే కొద్దీ వెలుగు పసుపై, ఎర్రబడి, చివరకు నిప్పురవ్వలా మిగలడం.

ఈ రెండు లోపాలకూ విరుగుడు ఎల్ఈడీ. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర ఎల్ఈడీని చూపించాడు. ప్రకాశవంతమైన నీలం మాత్రం మూడు దశాబ్దాలు ఆలస్యమైంది. దాన్ని మార్కెట్టుకు తెచ్చినవి ఎలక్ట్రానిక్స్‌లో పేరున్న పెద్ద సంస్థలు కావు. జపానులోని షికోకు ద్వీపంలో, అనాన్ అనే చిన్న పట్టణంలో ఫాస్ఫర్ పొడులు తయారుచేసుకునే నిచియా కంపెనీ ఆ పని చేసింది. అక్కడి ఇంజనీరు షూజీ నకమురా 1993లో గాలియం నైట్రైడుతో నీలి ఎల్ఈడీని సాధించాడు. నీలి ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత వేసి తెల్లని వెలుగు తెప్పించినది కూడా ఆ కంపెనీయే. ఈ దారిని తెరిచిన ఇసాము అకసాకి, హిరోషి అమానోలతో కలిసి నకమురాకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ప్రకాశవంతమైన ఆకుపచ్చ ఎల్ఈడీ కూడా గాలియం నైట్రైడు కుటుంబంలోదే. అందుకే నేటి మూడు రంగుల రైల్వే టార్చిలో రంగు అద్దం అవసరం లేదు. ఎర్ర ఎల్ఈడీ ఎర్ర వెలుగునే పుట్టిస్తుంది, ఆకుపచ్చది ఆకుపచ్చనే. అద్దంలో ఆగి వృథా అయ్యేది ఏమీ లేదు. ఒక వాటుకు వంద ల్యూమెన్లు దాటడం తెల్ల ఎల్ఈడీకి మామూలు విషయమైంది.

నిచియా చరిత్ర టార్చి కొనేవారికి ఒక పాఠం: తెలియని పేరు నాసిరకానికి గుర్తు కాదు. రైల్వే కొనుగోలు పద్ధతి దీని మీదే నడుస్తోంది. వస్తువు ఎలా ఉండాలో ముందే రాసిపెట్టి, పరీక్షించి, నెగ్గిన సరుకును తీసుకుంటారు. చైనాలోని కాన్వాయ్, సోఫర్న్ వంటి ప్రచారం లేని తయారీదారుల టార్చిలకు ప్రపంచమంతటా ఆదరణ దొరకడానికి కారణం కూడా ఇలాంటిదే. ఏ ఎల్ఈడీ వాడారో, దానికి ఎంత కరెంటు పంపుతున్నారో వారు వివరంగా చెబుతారు. డబ్బా మీద ‘లక్ష ల్యూమెన్లు’ అని మాత్రం రాసి మరేమీ చెప్పని టార్చి పేరున్నదైనా, పేరు లేనిదైనా దూరంగా ఉంచాల్సిందే.

కొలవడానికి అందరికీ ఒకే పద్ధతి ఉంది. 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్ఎల్-1 ప్రమాణం ప్రకారం టార్చి దూరం అంటే వెలుగు పావు లక్సుకు, అంటే దాదాపు పున్నమి వెన్నెలంతకు, తగ్గే చోటు వరకు. వెలిగే కాలం అంటే మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. కిరణం గట్టిదనాన్ని కాండెలాలో చెబుతారు. 10,000 కాండెలాల టార్చి 200 మీటర్లు చేరుతుంది. దూరం రెట్టింపు కావాలంటే కాండెలా నాలుగు రెట్లు కావాలి. బిలాస్‌పూర్ స్టేషనులో పొడవైన ప్లాట్‌ఫారం 802 మీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకు వెన్నెలంత వెలుగు పడాలంటే దాదాపు 1,60,800 కాండెలాలు అవసరం. అయితే అదే కొసలో చూపిన చిన్న ఎర్రదీపం ఇక్కడికి తేలిగ్గా కనిపిస్తుంది. వస్తువును చూపించే దీపం వేరు, తానే కనిపించాల్సిన దీపం వేరు. పనిని బట్టి ఏది కావాలో తేల్చుకోవాలి.

ఈ కొలతలో కొంత ఇంట్లోనే చేసుకోవచ్చు. చీకటి గదిలో టార్చిని ఐదు మీటర్ల దూరం నుంచి ఫోనులోని లక్సు మీటరు మీదికి వేయాలి. వచ్చిన అంకెను 25తో గుణిస్తే కాండెలా. 400 లక్సులు చూపితే అది 10,000 కాండెలాల టార్చి. ఫోను మీటరు పూర్తి కచ్చితం కాకపోయినా రెండు టార్చిలను పోల్చడానికి చాలు. వెలిగించి అరగంట తర్వాత మళ్లీ కొలిస్తే లోపలి సర్క్యూటు కరెంటును నిలకడగా ఉంచుతోందో లేదో తెలుస్తుంది. వెలుగు ముందు చెయ్యి వేగంగా ఊపితే వేళ్లు ముక్కలు ముక్కలుగా కనిపించడం నాసి సర్క్యూటుకు గుర్తు. రంగులు ఎలా కనిపిస్తాయో కూడా చూడాలి: ఎర్ర వైరుకూ గోధుమరంగు వైరుకూ తేడా టార్చి వెలుగులో తెలియకపోతే సిగ్నల్ రిపేరు పనికి అది పనికిరాదు.

సెల్లు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 18650 అనే లిథియం సెల్లు 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మంచిది దాదాపు 3,500 మిల్లీఆంపియర్ గంటలు ఇస్తుంది, 45 గ్రాముల పైన తూగుతుంది. పైన 9,900 అని రాసి ఉండి 30 గ్రాములే తూగితే ఆ రాత నమ్మదగినది కాదు. భారతదేశంలో అమ్మే లిథియం సెల్లు మీద ఐఎస్ 16046 గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసి తీసుకోవాలి. లిథియం సెల్లును పేరు చూసో, ధర చూసో కొనకూడదు. తూకం, గుర్తు చూసి కొనాలి.