లివర్ క్యాన్సర్ వంశపారంపర్యమా? ఒక్క అక్షరం చెప్పిన కథ

"మా నాన్నకి లివర్ క్యాన్సర్ అన్నారు. పెదనాన్న కూడా దాంతోనే పోయాడు. ఇది మా జీన్స్‌లోనే ఉందా? నాకూ వస్తుందా?" చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఒక్క ముక్కలో అవును, కాదు అని తేల్చే విషయం కాదు, కాస్త ఓపిగ్గా వినండి.

ముందు ఒక తేడా చూద్దాం. అమ్మానాన్నల నుంచి వచ్చిన జీన్ వేరు, మనం పుట్టాక లివర్ కణంలో పాడైన జీన్ వేరు. మొదటిది ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది, మన పిల్లలకీ వెళ్లొచ్చు. రెండోది ఆ ఒక్క కణంలో, దాని నుంచి పుట్టిన కణాల్లో మాత్రమే ఉంటుంది. పిల్లలకి వెళ్లదు. లివర్ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకమే. మరి ఆ జీన్‌ని పాడుచేసింది ఎవరు?

చైనాలో యాంగ్జీ నది సముద్రంలో కలిసే దగ్గర చిదోంగ్ అనే ప్రాంతం ఉంది. లివర్ క్యాన్సర్‌కి పేరుమోసిన చోటు. 1991లో అక్కడి పేషెంట్ల ట్యూమర్లు 16 తీసుకుని పి53 అనే జీన్ చదివారు. పి53 అంటే కణానికి కాపలాదారు లాంటిది. డీఎన్ఏ దెబ్బతింటే కణం రెండుగా చీలకుండా ఆపుతుంది, బాగుచేయడం కుదరకపోతే ఆ కణాన్నే చంపేస్తుంది. ఆ ప్రొటీన్‌లో 393 అమైనో ఆమ్లాలు ఉంటాయి, తప్పు ఎక్కడైనా రావచ్చు కదా? కానీ 16లో 8 ట్యూమర్లలో తప్పు ఒకే చోట ఉంది. 249వ స్థానం, అందులోనూ మూడో అక్షరం. ఎనిమిదింటిలో ఏడింట్లో 'జి' ఉండాల్సిన చోట 'టి' ఉంది. అదే ఏడాది ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు ట్యూమర్లలో కూడా అదే చోట అదే మార్పు దొరికింది. ఇంత దూరంలో ఉన్న రెండు చోట్ల ఒకే వేలిముద్ర!

ఆ వేలిముద్ర అఫ్లాటాక్సిన్‌ది. వేరుశనగ, మొక్కజొన్నల మీద పట్టే ఒక రకం బూజు తయారుచేసే విషం. మన లివరే దాన్ని బయటికి పంపబోయి ఇంకా ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తుంది. అది వెళ్లి డీఎన్ఏలో 'జి'ని పట్టుకుంటుంది. కణం కాపీ అయ్యేటప్పుడు అక్కడ 'టి' పడుతుంది. అంతే, కాపలాదారు డ్యూటీ మానేశాడు.

ఇది మనకి దూరం విషయం కాదు. అనంతపురం లాంటి చోట్ల కాయ ముదిరే టైమ్‌లో వాన ముఖం చాటేస్తే ఈ బూజు పొలంలోనే పట్టేస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఏళ్ల తరబడి దీని మీద పనిచేస్తోంది. ఇంట్లో అయితే ముడుచుకుపోయిన, రంగు మారిన, బూజు పట్టిన పల్లీలు పారేయండి. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. పచ్చడిలో కలిపేస్తే తెలీదులే అనుకోవద్దు!

ఇక రెండో ముద్దాయి హెపటైటిస్ బి వైరస్. ఇది తన డీఎన్ఏ ముక్కని మన డీఎన్ఏలో ఇరికించగలదు. కొన్నిసార్లు సరిగ్గా టెర్ట్ అనే జీన్ పక్కనే ఇరుక్కుంటుంది. ఆ జీన్ ఆన్ అయితే కణానికి ముసలితనం రాదు, చీలుతూనే ఉంటుంది. షాంఘైలో 18 వేలకు పైగా మగవాళ్లని గమనించి 1994లో లెక్క చెప్పారు. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉంటే ముప్పు దాదాపు 3 రెట్లు, వైరస్ ఒక్కటే ఉంటే 7 రెట్లు, రెండూ కలిస్తే 59 రెట్లు!

ఇప్పుడు మొదటి ప్రశ్నకి రండి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చిందంటే జీన్స్ అనే అనుకుంటాం. చాలాసార్లు అక్కడ దాటింది జీన్ కాదు, వైరస్. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. పుట్టగానే సోకిన పిల్లల్లో 90 శాతం మందికి అది ఒంట్లోనే ఉండిపోతుంది. అదే పెద్దయ్యాక సోకితే 5 శాతం లోపే. ఏళ్ల తరబడి కామెర్లు కూడా కనపడకపోవచ్చు, అందుకే పసరు మందు మింగి తగ్గిపోయిందనుకోవడం డేంజర్.

నిజంగా వంశపారంపర్యంగా వచ్చేవీ కొన్ని ఉన్నాయి. ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు ఒకటి. లివర్‌లో కొవ్వు చేరడాన్ని పెంచే పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జీన్ మార్పు ఇంకొకటి. ఇది ముప్పు పెంచుతుందే తప్ప క్యాన్సర్ రాసిపెట్టి ఉందని కాదు.

వైరస్‌కి మాత్రం టీకా ఉంది. తైవాన్‌లో 1984లో పిల్లలకి వేయడం మొదలుపెట్టాక, 6 నుంచి 14 ఏళ్ల వాళ్లలో లివర్ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాని దేశీయంగా తెచ్చి ధర బాగా దించింది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు పడాలి.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా లివర్ క్యాన్సర్ ఉంటే ఖరీదైన జీన్ టెస్ట్‌కి పరిగెత్తకండి. ముందు హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష చేయించండి, అమ్మకీ తోబుట్టువులకీ కూడా. నెగెటివ్ వచ్చి, ఇంతకుముందు టీకా పడకపోతే వేయించుకోండి. పాజిటివ్ వస్తే కంగారు వద్దు, వైరస్‌ని అదుపులో పెట్టే మాత్రలున్నాయి. ఎవరికి మందు కావాలో, ఎవరికి ఆరు నెలలకోసారి స్కాన్ కావాలో డాక్టర్ చెప్తారు. అన్నట్టు, పక్కన కూర్చుని తింటే ఇది అంటుకోదు. ఆ మనిషికి కంచం వేరుగా పెట్టకండి.

ఫ్యాటీ లివర్ గురించి చాలా చెప్పాలి, అది వచ్చే ఎపిసోడ్‌లో.