పాలలో వెన్న ఎక్కడ పుడుతుంది?

సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో పాల కేంద్రం దగ్గర పొద్దున్నే తరచూ వినిపించే మాట: "నిన్న ఏడు వచ్చింది, ఇయ్యాల ఆరున్నరేనా?" బర్రె అదే, క్యాను అదే, పిండిన చెయ్యీ అదే. యంత్రం చూపే వెన్న శాతం మాత్రం తగ్గింది. పాలకు ధర కట్టేది వెన్నను బట్టి కాబట్టి ఆ అర శాతం నేరుగా రైతు డబ్బుకు కోత పెడుతుంది. నీళ్లు కలిపారేమోనని కేంద్రం వాళ్ల అనుమానం, యంత్రం సరిగా లేదని రైతుల కోపం. చాలాసార్లు ఈ రెండూ నిజం కావు. అసలు కారణం బర్రె కడుపులో ఉంటుంది.

ఆవుకైనా బర్రెకైనా కడుపులో నాలుగు అరలు. అన్నిటికన్నా పెద్దది మొదటి అర. దాన్ని పెద్దపొట్ట అంటారు. ఎదిగిన పశువుకు ఇందులో వంద లీటర్ల పైనే పడుతుంది. గాలి సోకని ఆ వెచ్చటి చోట లెక్కకు అందనన్ని సూక్ష్మజీవులు బతుకుతుంటాయి. గడ్డిలోని పీచును అరిగించే శక్తి పశువుకు సొంతంగా లేదు, ఆ పని చేసిపెట్టేవి ఇవే. పీచును పులియబెట్టి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతాయి. వెనిగర్‌కు పులుపునిచ్చేది కూడా ఈ ఆమ్లమే. అది పెద్దపొట్ట గోడల్లోంచి రక్తంలో కలిసి పొదుగుకు చేరుతుంది. పాలలోని వెన్నలో సుమారు సగం పొదుగులోనే తయారవుతుంది, దానికి ప్రధాన ముడిసరుకు ఈ ఆమ్లమే.

మక్కజొన్న పిండి వంటి దాణా వేసినప్పుడు ప్రొపియోనిక్ ఆమ్లం ఎక్కువగా పుడుతుంది. కాలేయం దాన్ని గ్లూకోజుగా మారుస్తుంది. గ్లూకోజు నుంచి పాల చక్కెర తయారవుతుంది, పాలు ఎన్ని లీటర్లు దిగాలో తేల్చేది ఆ చక్కెరే. అంటే దాణా లీటర్లను పెంచుతుంది, పీచు వెన్నను నిలబెడుతుంది. గడ్డి తగ్గించి దాణా గుమ్మరిస్తే క్యాను నిండుతుంది గానీ వెన్న శాతం పడిపోతుంది.

పీచు చేసే మేలు ఇంకొకటి ఉంది. గడ్డి మేసిన పశువు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. నమిలేకొద్దీ నోట్లో ఊరే లాలాజలం రోజు మొత్తమ్మీద వంద లీటర్లు దాటుతుంది. అందులోని బైకార్బొనేట్ కడుపులోని ఆమ్లాన్ని విరిచేస్తూ, సూక్ష్మజీవులు బతకగలిగే స్థితిని కాపాడుతుంది. పెళ్లిలో మిగిలిన అన్నం బర్రెకు పెడితే ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. మెత్తటి అన్నానికి నెమరు అక్కర్లేదు, లాలాజలం అంతగా ఊరదు. పిండిపదార్థం మాత్రం గంటల్లో పులిసి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పీచును అరిగించే జీవులు చచ్చిపోతాయి, బర్రె మేత మానేస్తుంది, పలచగా పారుకుంటుంది, చివరికి లేవలేక పడిపోతుంది. ప్రేమతో పెట్టిన తట్టెడు అన్నమే ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పరిస్థితి కనబడితే తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుణ్ని పిలవాలి.

ఇప్పుడు సిద్దిపేట సంగతికొద్దాం. ఒకప్పుడు ఇది బోరు బావుల మీద, వాన మీద ఆధారపడిన మెట్ట నేల. జొన్న చేలు ఉన్నన్నాళ్లూ చొప్పకు కొదవ ఉండేది కాదు. 2020లో రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, 2022లో మల్లన్న సాగర్ జలాశయాలు వచ్చాయి. నీళ్లొచ్చాక వరి పెరిగింది, దానితోపాటు వరిగడ్డీ పెరిగింది. అయితే వరిగడ్డి చొప్పకు సాటి రాదు. అందులో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. సిలికా ఎక్కువ కాబట్టి సరిగా అరగదు. ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. వట్టి వరిగడ్డి మీద బర్రెను సాకితే కడుపు నిండినట్టే ఉంటుంది, లోపలి సూక్ష్మజీవులు మాత్రం పస్తుంటాయి.

దీనికి చవకైన విరుగుడు యూరియా ఊరవేత. నాలుగు కిలోల యూరియాను 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, వంద కిలోల ఎండు వరిగడ్డి మీద పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. యూరియా అమ్మోనియాగా మారి పీచును బిగించి ఉంచిన కట్టును సడలిస్తుంది. గడ్డిలో మిగిలిన నత్రజనితో సూక్ష్మజీవులు తమ మాంసకృత్తులు తయారుచేసుకుంటాయి. తర్వాత అవే అరిగి పశువుకు ఆహారమవుతాయి. గడ్డిని తీశాక కాసేపు ఆరబెట్టి, ఘాటు పోయాకే వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్లు తాగితే పశువు చనిపోతుంది కాబట్టి ఆ బకెట్టును కొట్టం దరిదాపుల్లో ఉంచకూడదు.

మేత అంతా సరిగా ఉన్నా పిండే తీరులో వెన్న పోవచ్చు. దూడ చన్ను పట్టగానే బర్రె మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై పాలు చేపుతుంది. ఆ ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది. వెన్న పొదుగు లోపలి సన్నటి తిత్తుల్లో పట్టుకుని ఉంటుంది కాబట్టి మొదటి ధారల్లో తక్కువ, చివరి పాలలో కొన్ని రెట్లు ఎక్కువ. కుక్క మొరిగినా, కొత్త మనిషి పిండినా, బర్రెను కొట్టినా అడ్రినలిన్ ఎక్కి పాలు ఎగబట్టేస్తుంది. అప్పుడు లోపల మిగిలిపోయేది చిక్కటి భాగమే. రాత్రి ఎడం ఎక్కువైతే పొద్దుటి పాలు ఎక్కువగా, పలచగా వస్తాయి. సాయంత్రం పాలు కొద్దిగానే ఉన్నా చిక్కగా ఉంటాయి. కాబట్టి పొద్దుటి శాతాన్ని పొద్దుటితో, సాయంత్రం శాతాన్ని సాయంత్రంతోనే పోల్చాలి.

వెన్న తగ్గిన రోజు కేంద్రంలో తగువు పడటానికి ముందు ఒకసారి కొట్టం చూడండి. మధ్యాహ్నం పడుకున్న పశువుల్లో సగానికి పైగా నెమరు వేస్తుండాలి. వేయడం లేదంటే మేతలో పీచు చాలడం లేదన్న మాట. పెండ మరీ పలచగా ఉంటే దాణా మోతాదు మించిందేమో చూసుకోవాలి. మేత మార్చాల్సి వస్తే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి, లోపలి జీవులు అలవాటు పడటానికి ఆ వ్యవధి కావాలి. మనం సాకేది ఒక్క బర్రెనే కాదు, దాని కడుపులోని ఆ సూక్ష్మజీవులను కూడా. వాటికి సరైన మేత అందితే పాల కేంద్రంలో అంకె దానంతటదే సర్దుకుంటుంది.