పూడిపోయిన రేవు నుంచి పారిస్ దాకా: తెలుగు వంశపు ఫుట్‌బాలర్ విశేషాలు

సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల సీజన్ మొదలైతే టీ కొట్టు దగ్గర రెండే కబుర్లు. ఒకటి, ఈసారి పక్షులు ఎన్ని దిగాయి. రెండోది, రాత్రి మ్యాచ్‌లో ఎంబాపే ఎన్ని కొట్టాడు. ఫ్రాన్స్ కుర్రాడు ఏ క్లబ్బు వదిలి ఏ క్లబ్బుకు వెళ్తున్నాడో ఇక్కడి ఇంటర్ పిల్లలు వేలి మడతల మీద లెక్కపెట్టి చెప్తారు. ఫ్రాన్స్ జాతీయ జట్టు చొక్కా తొడుక్కుని ప్రపంచకప్ ఆడిన వాళ్లలో తెలుగు వంశం వాడు ఒకడున్నాడంటే మాత్రం, నోటి దగ్గరికెళ్లిన గ్లాసు అక్కడే ఆగుతుంది. అతని పేరు వికాశ్ దొరసూ. అతని క్లబ్బుల ప్రయాణంతో పాటు దారిలో తగిలిన మరికొన్ని విశేషాలు ఇవి.

రేవు పూడితే ఊరు పుట్టింది

దొరసూ 1973 అక్టోబర్ 10న ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని హార్ఫ్లర్‌లో పుట్టాడు. ఒకప్పుడు అది నార్మండీ ప్రాంతానికి పెద్ద రేవు. ఒండ్రు మేటవేసి ఓడలు రాలేకపోయాయి. దాంతో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సువా 1517లో పక్కనే కొత్త రేవు కట్టించాడు. అదే ల హావ్ర్. ఈ కథ ఇక్కడి పులికాట్ సరస్సు మత్స్యకారుడికి విడమరిచి చెప్పక్కర్లేదు. రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయి, సముద్రపు నీరూ దాంతో పాటు వచ్చే చేపా తగ్గిపోయాయన్న గోడు ఇక్కడ ప్రతి పాళెంలోనూ వినిపించేదే. తేడా ఒక్కటే: వాళ్లకు రాజుగారు కొత్త రేవు కట్టించారు, మనవాళ్లు ఏళ్ల తరబడి పూడిక తీయమని అర్జీలు పెట్టుకుంటూ వచ్చారు.

ఇంటిపేరు ముందు రావు

అతని పూర్తి పేరు వికాశ్ రావు దొరసూ. అమ్మానాన్నలది మారిషస్, వంశమూలం తెలుగునాడు. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి, మన కోస్తా నుంచి ఓడలకెక్కించారు. గోదావరి పాయ ఒడ్డున యానాం దగ్గరలో ఉన్న కోరింగ రేవు నుంచి ఎక్కువమంది వెళ్లడంతో అక్కడి తెలుగువాళ్లకు 'కొరంగీలు' అన్న పేరే పడింది. పేర్లు రాసుకున్న గుమాస్తాలకు తెలుగు రాదు, చెవికి ఎలా వినపడితే అలా రాసేశారు. దొరసూ అన్నది వింటే మనకు దొరసామి లాంటి పేర్లు గుర్తుకొస్తాయి. స్పెల్లింగు పోయినా పండగ పోలేదు: మారిషస్‌లో ఉగాది ఈనాటికీ ప్రభుత్వ సెలవు.

ఆ ద్వీపానికి పేరు పెట్టింది డచ్చివాళ్లు

మారిషస్‌కు 1598లో తమ ప్రిన్స్ మారిట్స్ పేరు పెట్టింది డచ్చివాళ్లు. వాళ్లే 1613 నాటికి పులికాట్ సరస్సు దక్షిణపు ఒడ్డున, ఇప్పటి తమిళనాడు వైపు, గెల్డ్రియా కోట కట్టారు. ఆ కోట నీడలో బట్టల బేళ్లతో పాటు మనుషుల్నీ అమ్మారు. కూలీ ఓడలకు ముందు ఈ తీరం బానిస ఓడల్ని కూడా చూసింది.

ఫ్రాన్స్‌లో తొలి ఫుట్‌బాల్ హేచరీ

కుర్రాడు దొరసూకు బంతి నేర్పిన క్లబ్బు ల హావ్ర్. 1872లో పుట్టామని, ఫ్రాన్స్‌లో మాకంటే పాత క్లబ్బు లేదని చెప్పుకుంటుంది. మొదలుపెట్టిన వాళ్లు ఇంగ్లీషువాళ్లు. అందుకే చొక్కా మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల ముదురు నీలం, లేత నీలం రెండూ ఉంటాయి. క్లబ్బు పాట బాణీ కూడా బ్రిటన్ జాతీయగీతానిదే.

ఈ క్లబ్బు అసలు వ్యాపారం కప్పులు గెలవడం కాదు, పిల్లల్ని తయారుచేయడం. కోట, వాకాడు వైపు రొయ్యల చెరువుల వాళ్లు కలిస్తే మొదట అడిగేది "సీడ్ ఏ హేచరీదబ్బా?" అనే. ఫ్రాన్స్ ఫుట్‌బాల్‌లో ఆ ప్రశ్నకు తరచూ వచ్చే జవాబు ల హావ్ర్. లస్సానా దియారా, గోల్‌కీపర్ స్టీవ్ మాందాండా ఇక్కడి నుంచే వచ్చారు. పోగ్బా కూడా కుర్రతనంలో కొన్నాళ్లు ఇక్కడే. దొరసూ 1993లో పెద్దల జట్టులోకొచ్చి, 1998 దాకా అదే చొక్కాలో ఆడాడు.

వెనక్కి పంపిన పిల్ల

హేచరీ అన్నాక ప్రతి పిల్లా ఒకేలా ఎదగదు. మారిషస్ పక్క ద్వీపం రీయూనియన్ నుంచి పన్నెండేళ్ల దిమిత్రీ పాయెట్ ల హావ్ర్ అకాడమీకొచ్చాడు. నాలుగేళ్లుంచుకుని ఇంటికి పంపేశారు. ఆ కుర్రాడే తర్వాత నాంత్ క్లబ్బు గుండా మళ్లీ పైకొచ్చి, 2016 యూరో కప్ మొదటి మ్యాచ్‌లో 89వ నిమిషంలో గోల్ కొట్టి రుమేనియా మీద ఫ్రాన్స్‌ను గెలిపించాడు.

పెంచినందుకు వాటా

మన దగ్గర హేచరీకి డబ్బు ఒక్కసారే వస్తుంది. సీడ్ అమ్మాక చెరువులో పంట ఎంతొచ్చినా ఆ లాభం రైతుది. ఫుట్‌బాల్‌లో అలా కాదు. ఆటగాడు ఒప్పందం మధ్యలో ఒక దేశం క్లబ్బు నుంచి ఇంకో దేశం క్లబ్బుకు డబ్బుకు మారితే, ఆ సొమ్ములో 5 శాతం అతణ్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య పెంచిన క్లబ్బులకు పంచాలన్నది ఫిఫా నియమం. 12 నుంచి 15 ఏళ్ల దాకా ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 దాకా ఏడాదికి 0.5 శాతం. పది కోట్ల యూరోల బదిలీ అయితే, పన్నెండేళ్ల పిల్లాడికి ఒక్క ఏడాది నేర్పిన వీధి చివరి క్లబ్బుకు రెండున్నర లక్షల యూరోలు. ఇది ఒక్కసారితో అయిపోదు, అలాంటి బదిలీ జరిగిన ప్రతిసారీ వస్తుంది.

లోన్ మీద వచ్చిన పక్షులు

క్లబ్బు తన ఆటగాణ్ని అమ్మకుండా ఒక సీజన్‌కు ఇంకో క్లబ్బుకు ఇవ్వడాన్ని లోన్ అంటారు. దొరసూ 1998లో లియోన్ చేరాక, 2001–02 సీజన్‌కు అతణ్ని బోర్డోకు ఇలాగే పంపారు. వెళ్లిన ఏడాదే బోర్డో లీగ్ కప్ గెలిచింది. పేరుకు లోన్ అన్నా కొన్నిసార్లు అది అమ్మకమే. 2017లో మొనాకో నుంచి ఎంబాపే పారిస్ సాఁ జెర్మాఁకు వెళ్లింది ముందు లోన్ మీదే, తర్వాత లెక్క కట్టింది 18 కోట్ల యూరోలు. పదహారేళ్ల వయసులో, 2015 డిసెంబర్ 2న, మొనాకోకు తొలి మ్యాచ్ ఆడిన కుర్రాడికి రెండేళ్లు తిరక్కుండా పలికిన ధర అది.

మన ఫ్లెమింగోలూ లోన్ మీద వచ్చినవే. గూడబాతులు పక్కనున్న నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపుకుని వెళ్తాయి. ఫ్లెమింగోలు మాత్రం ఇక్కడ గుడ్లు పెట్టవు. మన దేశంలో వాటి పురిటిల్లు కచ్ రణ్. పులికాట్ బురదలో మేసి, సీజన్ అయిపోగానే సొంత క్లబ్బుకు తిరిగి వెళ్లిపోతాయి.

ఇస్తాంబుల్ బెంచి

లియోన్‌తో 2003, 2004 లీగ్ టైటిళ్లు గెలిచాక దొరసూ ఇటలీలోని ఏసీ మిలాన్‌కు వెళ్లాడు. పిర్లో, కకా, సీడోర్ఫ్ ఉన్న నడిమైదానంలో చోటు దొరకడం కష్టం. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్. సగం ఆటకు లివర్‌పూల్ మీద మిలాన్ 3–0 ఆధిక్యంలో ఉంది. చివరికి 3–3 అయింది, పెనాల్టీలలో కప్పు చేజారింది. ఆ రాత్రంతా దొరసూ బెంచి మీద కూర్చుని చూశాడు. మిలాన్ ముగ్గురు సబ్‌స్టిట్యూట్‌లను దింపింది. అందులో అతను లేడు.

ఒక్క షాటు, ఒక కప్పు

దొరసూ ఫార్వర్డ్ కాదు, ముందున్న వాళ్లకు బంతి అందించే మిడ్‌ఫీల్డర్. గోల్స్ అతని పని కాదు. ఫ్రాన్స్ తరఫున 18 మ్యాచ్‌లు ఆడి కొట్టింది ఒక్కటే, 2005 అక్టోబర్‌లో సైప్రస్ మీద. కానీ 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్ ఫైనల్లో, మిలాన్ నుంచి వచ్చి చేరిన పారిస్ సాఁ జెర్మాఁ చొక్కాలో, బద్ధశత్రువు మార్సెయ్ మీద రెండో సగం మొదట్లోనే దూరం నుంచి ఒక షాట్ కొట్టాడు. 2–0. తర్వాత మార్సెయ్ ఒకటి తిరిగి కొట్టడంతో ఆ రెండో గోలే కప్పు తెచ్చింది. పారిస్ అభిమానుల్ని దొరసూ గురించి అడిగితే మొదట చెప్పేది ఆ షాట్ గురించే.

హోటల్ గదిలో కెమెరా

రెండు నెలల్లోపే జర్మనీలో ప్రపంచకప్. జట్టులో పేరుంది గానీ ఆట లేదు. స్విట్జర్లాండ్, దక్షిణ కొరియాల మీద చివరి నిమిషాల్లో దింపారు, అంతే. ఫ్రాన్స్ ఫైనల్ దాకా వెళ్లింది, దొరసూ మళ్లీ మైదానంలోకి అడుగుపెట్టలేదు. కానీ ఆ ఖాళీ రోజులు వృథా పోలేదు. దర్శకుడు ఫ్రెడ్ పూలే ముందే అతని చేతికి ఒక సూపర్ 8 కెమెరా ఇచ్చి పంపాడు. హోటల్ గది, కిటికీ బయట చెట్లు, ఎదురుచూపు, విసుగు అన్నీ తనే తీశాడు. 2007లో అది 'సబ్‌స్టిట్యూట్' పేరుతో సినిమాగా వచ్చింది. ప్రపంచకప్‌ను లోపలి నుంచి, అదీ ఆడనివ్వని వాడి కళ్లతో చూపించిన సినిమా అంటే వేళ్ల మీద లెక్కపెట్టాలి.

పత్రికలో మాట్లాడితే ఉద్యోగం ఊడింది

ప్రపంచకప్ నుంచి పారిస్‌కు తిరిగొచ్చాక కోచ్‌తో పడలేదు. దొరసూ ఆ సంగతి పత్రికకు బాహాటంగా చెప్పేశాడు. 2006 అక్టోబర్‌లో క్లబ్బు అతణ్ని ఏకంగా ఉద్యోగంలోంచి తీసేసింది. ఫ్రాన్స్‌లో ఆటగాళ్ల ఒప్పందాలకు నియమావళి వచ్చింది 1973లో, అంటే దొరసూ పుట్టిన ఏడాదే. ఆ తర్వాత ఫస్ట్ డివిజన్ క్లబ్బు ఒకటి ఆటగాణ్ని ఇలా తొలగించడం అదే మొదటిసారి. 2007లో ఇటలీలోని లివోర్నోలో చేరినా కొద్ది నెలల్లోనే అదీ ముగిసింది. మొత్తం మీద ఆరు క్లబ్బులు: ల హావ్ర్, లియోన్, బోర్డో, మిలాన్, పారిస్, లివోర్నో.

బూట్లు లేకుండా ఫ్రాన్స్ మీద

ఫ్రాన్స్‌తో మన ఫుట్‌బాల్ బంధం దొరసూ కంటే పాతది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారతం మొదటి మ్యాచ్ ఫ్రాన్స్‌తోనే, జులై 31న. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. రెండు పెనాల్టీలు చేజార్చుకుని 1–2తో ఓడారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మళ్లీ ఎదురుపడితే ఈసారి 1–1. కోచ్ హైదరాబాద్ స్కూలు మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ జట్టులో ఫార్వర్డ్ సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్. అదే టోర్నీలో అతను హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అభిమానులు నెత్తిన పెట్టుకున్న ఆటగాడు. ఆరోగ్యం సహకరించక ఇరవైల్లోనే ఆట వదిలేశాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

ముగ్గురు వచ్చారు, ఒకడు రాలేదు

అన్నిటికంటే విచిత్రమైన విశేషం ఇది. 2006 ప్రపంచకప్‌లో దొరసూతో పాటు జట్టులో ఉన్న ఫ్రాన్స్ ఆటగాళ్లలో ముగ్గురు ఇండియాకొచ్చి ఇండియన్ సూపర్ లీగ్ క్లబ్బులకు ఆడారు. ఆ ఫైనల్లో పెనాల్టీ బార్‌కు కొట్టిన ఫార్వర్డ్ త్రెజెగే 2014లో పుణెకు, సిల్వెస్ట్ర్ అదే ఏడాది చెన్నైయిన్‌కు, మలూదా 2015లో ఢిల్లీకి. సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కితే చెన్నై సెంట్రల్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి చెన్నైయిన్ ఆడిన నెహ్రూ స్టేడియం నడిచి వెళ్లే దూరమే. అంటే ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టులోని ఆటగాడు సూళ్లూరుపేటకు సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలో వచ్చి ఆడాడన్నమాట. పూర్వీకులు తెలుగునాడు నుంచి ఓడెక్కిన వికాశ్ రావు మాత్రం ఏ భారతీయ క్లబ్బుకూ ఆడలేదు.

అద్దె మైదానం

ఎండాకాలం వస్తే సరస్సు ఉత్తరపు వైపు చాలా మేర ఎండిపోతుంది. నేల నెర్రెలిచ్చి, మీద తెల్లటి ఉప్పు పెళుసు కడుతుంది. సాయంత్రం పాళెం పిల్లలు నాలుగు సరివి కర్రలు పాతి, అడ్డంగా పాత వల కట్టి బంతాట మొదలుపెడతారు. పరిగెడితే కాళ్ల కింద పెళుసు పటపటమంటుంది. ఒకడి చొక్కా మీద ఎంబాపే పేరు, ఇంకొకడిది మెస్సీ, గోల్‌కీపర్ ఒంటి మీద చొక్కానే లేదు. దొరసూ పేరున్న చొక్కా ఎక్కడా కనపడదు. ఆఫ్‌సైడ్ గొడవ తేలకముందే పొద్దు గుంకుతుంది.

అక్టోబర్లో వానలు పడి కాళంగి నది పొంగితే ఆ గోల్‌పోస్టుల మీదుగా పడవలు తిరుగుతాయి. ఆ తర్వాత గులాబి రంగు కాళ్లవి వచ్చి దిగుతాయి. పిల్లలు కర్రలు ముందే పీకి ఇంటికి తెచ్చేసుకుంటారు, వచ్చే ఎండాకాలానికి పనికొస్తాయని.