‘బాగుంది’ అంటే మార్కులు రావు

ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అని అడిగారనుకోండి. ‘చాలా బాగా వచ్చింది సార్, పెర్ఫార్మెన్స్ బాగా పెరిగింది’ అని చెప్పి ఊరుకుంటున్నారా? నేనూ అదే చెప్పేవాణ్ని. వరుసగా ఐదు కంపెనీల్లో చెప్పాను. ఐదింటి నుంచీ మర్యాదగా ‘ఆల్ ది బెస్ట్’ అనే మెయిలే వచ్చింది. ఎక్కడ తేడా కొడుతోందో నాకు తెలిసింది మాత్రం ఒక గ్యారేజీలో, చేతిలో చిన్న ప్లాస్టిక్ కప్పుతో. ఆ కప్పులో ఉన్నది బీరు.

ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో మద్యానికి కనీస వయసు 21 ఏళ్లు. ఇది చదివేవాళ్లలో చాలామందికి ఇంకా అంత వయసు ఉండదు. ఇక్కడ చెప్పే కసరత్తంతా ఇంట్లో టీతోనే చేసుకోవచ్చు. ఎలాగో కింద రాశాను.

58వ రోజు

అప్పుడు నేను అమెరికాలో, నార్త్ కరోలినాలోని రాలీలో ఉన్నాను. ఎమ్మెస్ అయిపోయింది. ఓపీటీ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. అవి దాటితే స్టేటస్ పోతుంది. నాకు 58వ రోజు నడుస్తోంది. ఇంట్లో నాన్నకు ఫోన్ చేసినప్పుడల్లా ‘రెండు మూడు ప్రాసెస్‌లో ఉన్నాయి నాన్నా’ అని చెబుతున్నాను. ప్రాసెస్‌లో ఉన్నది ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ ఒక్కటే.

మా రూమ్మేట్‌ది హన్మకొండ. ఆ శనివారం పొద్దున్నే, ‘మామా, లింక్డిన్‌ను ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా అంతే. లే, నాతో రా’ అని బలవంతంగా బయటికి లాక్కెళ్లాడు. వాడి ఆఫీసులో ఒక పెద్దాయన ఇంట్లోనే బీరు కాస్తాడు. అక్కడ అది మామూలే. 1978లో ఫెడరల్ చట్టం మార్చాక, సొంతానికి కొంత పరిమితి వరకు ఇంట్లో కాచుకోవడానికి వీలు కలిగింది. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసు పెడతారు, ప్రయోగాలు చేయకండి. ఆయన గ్యారేజీలో నెలకోసారి పదిమందీ చేరి, ఒకరు చేసింది మరొకరు రుచి చూసి కాగితం మీద మార్కులు వేస్తారు. ఆ రోజు వంతు ఆయన బ్రౌన్ ఏల్‌ది. అందులో పెర్సిమన్ అనే పండు కలిపాడు.

తునికి చుట్టం

బ్రౌన్ ఏల్ అంటే గోధుమ రంగు బీరు. ఏల్‌ను 20 డిగ్రీలకు అటూ ఇటూగా పులియబెడతారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని కొంచెం ఎక్కువగా వేయిస్తే ఆ రంగు వస్తుంది. ఇంగ్లండ్‌లో 1927లో వచ్చిన న్యూకాజిల్ బ్రౌన్ ఏల్ ఈ రకంలో బాగా పేరున్నది. పండు కలపడం మాత్రం ఈ రకానికి అలవాటు లేని పని.

పెర్సిమన్ మనకు కొత్త పేరేగానీ దాని కుటుంబం కొత్తది కాదు. ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో తునికాకు కోసే చెట్టు ఉంది కదా, అదీ ఇదీ ఒకే డయోస్పైరస్ జాతి. తునికి పండు తిన్నవాళ్లకు ఒక సంగతి తెలుసు. పూర్తిగా పండితే తియ్యన. ఒక్క రోజు తొందరపడితే నోరంతా పట్టేస్తుంది. అమెరికా పెర్సిమన్ కూడా అంతే. చెట్టు కింద దానంతటది రాలి, చితికిపోయేంత మెత్తబడితేనే తినాలి. ఇండియానా రాష్ట్రంలోని మిచెల్ అనే చిన్న ఊళ్లో ఈ పండు పేరు మీద 1947 నుంచి పండగే చేస్తున్నారు. రాలీ పక్కనే ఉన్న డర్హమ్‌లో ఫుల్‌స్టీమ్ అనే బ్రూవరీ దీనితోనే ఫస్ట్ ఫ్రాస్ట్ అనే ఏల్ తెచ్చింది. పెద్దాయనకు ఆలోచన అక్కడే పుట్టిందట.

నా కాగితం ఖాళీ

కప్పు ఇచ్చారు, కాగితం ఇచ్చారు. వాసన చూశాను, ఒక గుక్క తాగాను. కాగితం మీద ‘గుడ్, ఫ్రూటీ, నైస్’ అని రాశాను. పక్కన కూర్చున్న ఆవిడ రిటైర్డ్ కెమిస్ట్రీ టీచర్, పోటీల్లో జడ్జిగా కూడా వెళుతుంది. నా కాగితం చూసి నవ్వింది. ‘నీకు నచ్చిందా లేదా అని ఇందులో ఎవరూ అడగలేదు బాబూ. కప్పులో ఏముందో రాయి’ అంది.

నిజమే. ఆ కాగితాన్ని బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్లు తయారుచేశారు. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5. ‘మొత్తమ్మీద ఎలా ఉంది’ అన్నదానికి చివర్లో 10 మాత్రమే. అంటే మన ఇష్టాయిష్టాలు చెప్పడానికి ముందు 40 మార్కులకు సరిపడా పరిశీలన రాయాలన్నమాట. నేను ఆ 40నీ వదిలేసి నేరుగా చివరి పదికి వెళ్లిపోయాను. ఐదు ఇంటర్వ్యూల్లో చేసింది కూడా సరిగ్గా ఇదే కదా అని అక్కడే తట్టింది. ‘పెర్ఫార్మెన్స్ బాగా పెరిగింది’ అంటే ఎంత నుంచి ఎంతకు? ఏది కొలిచాను? ఏది మార్చాను? ఒక్కటీ చెప్పలేదు.

మళ్లీ రాశాను. ఈసారి నాకు తెలిసిన మాటల్లో. వాసనలో వేయించిన శనగపప్పు, పాలు అడుగంటినప్పుడు వచ్చే కమురు కొంచెం. నోట్లో మొదట తాటిబెల్లం పాకం. పండు రుచి ఎక్కడో దూరంగా, మాగిన బొప్పాయిలాగా. చివర్లో మాత్రం పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక బిగుసుకుపోయింది.

మిగతా కాగితాల్లో ఆ చివరి సంగతిని సగం మంది ‘బిట్టర్’ అని రాశారు. అది చేదు కాదు, వగరు. మనకు చిన్నప్పటి నుంచి రెండూ వేరు. కాకరకాయ చేదు, వక్క వగరు. ఆరు రుచుల్లో రెంటికీ విడివిడిగా చోటుంది. చేదు నాలుక మీది రుచి. వగరు అలా కాదు, టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కోవడం వల్ల నోరు గరుకుగా, పొడిగా అనిపిస్తుంది. నాకు ఇంగ్లిష్ మాట తెలియక ‘రా బనానా’ అని చేతులు తిప్పుతుంటే టీచరమ్మే అందించింది, ‘ఆస్ట్రింజెంట్’ అని. మీడియం తెలుగు అని సిగ్గుపడేవాళ్లకు ఒక చిన్న కబురు: ఆ రోజు ఆ గదిలో చేదునీ వగరునీ ముందుగా విడదీసింది తెలుగు మీడియంలో పది చదివినవాడే.

డీబగ్గింగ్ మొదలైంది

పేరు తేడా వస్తే ఏమవుతుంది అంటారా? చాలా అవుతుంది. చేదు ఎక్కువైందంటే హాప్స్ తగ్గించాలి. వగరు ఎక్కువైందంటే టానిన్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకాలి. తప్పుకు తప్పు పేరు పెడితే, బాగున్న చోట రిపేరు చేస్తాం. కోడ్ రాసేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అనుమానితులు ఇద్దరు. ఒకటి, బార్లీ. మాల్ట్‌ను వేడినీళ్లతో కడిగేటప్పుడు వేడి సుమారు 77 డిగ్రీలు దాటితే పొట్టులోని టానిన్లు దిగుతాయి. రెండు, పండు. ‘ఆ పండు రుచే తెలియడం లేదు, అదేం చేస్తుంది?’ అని కొందరు వాదించారు. అదృష్టం ఏంటంటే, పెద్దాయన పండు కలపక ముందు ఒక జాడీడు విడిగా తీసి పెట్టాడు. మన భాషలో కంట్రోల్ శాంపిల్.

దాంతో ట్రయాంగిల్ టెస్ట్ పెట్టారు. ఒక్కొక్కరికీ మూడు కప్పులు, రంగు కనిపించకుండా మూతలతో. రెండింట్లో ఒకటే బీరు, మూడోది వేరు. ఏది వేరో చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి కరెక్టవుతుంది కాబట్టి, 12 మంది ఉంటే కనీసం 8 మంది సరిగ్గా చెబితేనే తేడా నిజమని నమ్ముతారు. బైనామియల్ డిస్ట్రిబ్యూషన్ వేసి చూసుకోండి, ఏడుగురైతే 5 శాతం గీత దాటదు, ఎనిమిది మందైతే దాటుతుంది. సెకండియర్‌లో ఆ చాప్టర్‌ను నేను చాయిస్‌లో వదిలేశాను. ఆ రోజు 12 మందిలో తొమ్మిది మంది సరిగ్గా పట్టుకున్నారు. పండు లేని దాంట్లో వగరు లేదు. కాబట్టి బార్లీ నిర్దోషి.

మరి బాగా మాగిన తియ్యటి పండు వగరు ఎలా ఇచ్చింది? పెద్దాయన ఫ్రీజర్లో మిగిలిన గుజ్జు తెచ్చాడు. పచ్చిగా నాకితే తేనెలాగా ఉంది. అదే గుజ్జును గిన్నెలో పది నిమిషాలు ఉడికించి ఇచ్చాడు. నోరు పట్టేసింది! సంగతేంటంటే, పెర్సిమన్ మాగినప్పుడు అందులోని టానిన్లు మాయమైపోవు. ముద్దకట్టి నీళ్లలో కరగని రూపంలోకి మారతాయి, అందుకే నాలుకకు తెలియవు. బాగా వేడి చేస్తే వాటిలో కొన్ని మళ్లీ కరిగే రూపంలోకి వస్తాయి. ఆయన గుజ్జును బీరు మరుగుతుండగానే వేసేశాడు. బగ్ దొరికింది.

గంటన్నర పట్టింది ఇదంతా. ఆ రాత్రి రూముకొచ్చి నా రెజ్యూమే తెరిచాను. ‘ఇంప్రూవ్డ్’ అన్న మాట ఏడు చోట్ల ఉంది. ఏడింటినీ కొట్టేసి, పాత లాగ్స్ తవ్వి, ముందెంత, తర్వాతెంత, నేను మార్చిందేంటి అని రాశాను. రెండు చోట్ల రాయడానికి ఏమీ దొరకలేదు. ఆ రెండు ప్రాజెక్టులనూ తీసేశాను. ప్రాణం గిలగిల్లాడింది, ఎందుకంటే అందులో ఒకటి నేను గొప్పగా చెప్పుకునేది. ఉద్యోగం 81వ రోజున వచ్చింది. బీరు వల్ల వచ్చిందని చెబితే అబద్ధం, అందులో ఒక సీనియర్ అన్న ఇచ్చిన రిఫరల్ పాత్ర కూడా పెద్దదే. కానీ ఆ ఇంటర్వ్యూలో ‘ఎంత నుంచి ఎంతకు?’ అని అడిగినప్పుడు నా దగ్గర జవాబుంది.

ఇదే ఉద్యోగం కూడా

నాలుకతో, ముక్కుతో పనిచేసే కొలువులున్నాయని మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు. సెన్సరీ అనాలిసిస్ అంటారు. టీ, కాఫీ, పాల ఉత్పత్తులు, బిస్కెట్ల కంపెనీలకు ఇది రోజువారీ అవసరం. పిల్లల సిరప్‌లో మందు చేదును ఎలా కప్పాలన్నది ఫార్మాలో పెద్ద పనే. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐలో సెన్సరీ సైన్స్‌కు విభాగమే ఉంది. కాఫీ బోర్డు ఏడాది కాలపు కాఫీ క్వాలిటీ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా నడుపుతోంది, సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లు నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతలు చూసుకోండి. బీటెక్ ఫుడ్ టెక్నాలజీ బాపట్లలో ఉంది. అయితే ఒక హెచ్చరిక: ‘టేస్టర్ జాబ్’ అంటే రోజంతా రుచి చూస్తూ కూర్చోవడం అనుకోవద్దు. ఎక్కువ సమయం ఎక్సెల్ షీట్లతోనే గడుస్తుంది.

టీతో ఎలా చేయాలంటే, ఒకే టీ పొడి తీసుకోండి. ఒక గిన్నెలో మూడు నిమిషాలు, ఇంకో గిన్నెలో పది నిమిషాలు మరిగించండి. పాలు, పంచదార వద్దు. మూడు గ్లాసుల్లో రెండింట్లో ఒకటే పోసి ఫ్రెండుకు ఇవ్వండి, కళ్లు మూసుకోమనండి. ఏది వేరో చెప్పాక, ‘బాగుంది, బాలేదు’ అనే మాటలు వాడకుండా ఐదు వాక్యాలు రాయమనండి. మూడో వాక్యం దగ్గర ఆగిపోతారు, నేనూ ఆగిపోయాను. అక్కడి నుంచే అసలు పని. తర్వాత అదే పద్ధతిలో మీ మినీ ప్రాజెక్టు గురించి ఐదు వాక్యాలు రాసి చూడండి.

మరుసటి చలికాలం పెద్దాయన మళ్లీ అదే బ్రౌన్ ఏల్ కాచాడు. ఈసారి గుజ్జును ఉడికించకుండా, పులియడం అయ్యాక చల్లగా కలిపాడు. వగరు పోయింది. బీరు మాత్రం మబ్బుగా, మజ్జిగ తేటలాగా కనిపించింది, పండులోని పెక్టిన్ వల్ల. చూపుకు మూడింటికి ఒక్క మార్కే వేశాను. ‘ఎందుకు?’ అని అడిగాడాయన. చెప్పాను.