పదకొండు మంది దొరుకుతారు, లీగే దొరకదు

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆల్‌టైమ్ జట్టును ఎంచడం సరదాగానే మొదలవుతుంది. లెఫ్ట్ బ్యాక్ దగ్గరకొచ్చేసరికి వాదనగా మారుతుంది. ఆపైన అసలు ప్రశ్న ఎదురవుతుంది: వీళ్లంతా ఎక్కడి ఆటగాళ్లు?

2022 మార్చి 20 రాత్రి గోవాలోని ఫటోర్డా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ 1-0 ఆధిక్యంలో ఉంది. ఆట ముగియడానికి రెండే నిమిషాలుందనగా సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో హైదరాబాద్ ఎఫ్‌సీ ఊపిరి పీల్చుకుంది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లను అడ్డుకున్నారు. 3-1తో కప్పు హైదరాబాద్ వశమైంది. దేశవాళీ ప్రొఫెషనల్ లీగ్ ట్రోఫీ మీద ఈ నగరం పేరు పడడం అదే మొదటిసారి.

అయితే ఆ రాత్రి ఆట మొదలెట్టిన పదకొండు మందిలో హైదరాబాదీ ఒక్కరూ లేరు. కట్టిమణి, తవోరా గోవా వాళ్లు. సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన బార్తొలొమ్యూ ఒగ్బెచె నైజీరియా దేశస్థుడు. కోచ్ మనోలో మార్కెజ్ స్పెయిన్ నుంచి వచ్చారు.

ఫుట్‌బాల్ లోకంలో అభిమానులకు ఎన్నటికీ విసుగు పుట్టని కాలక్షేపం ఒకటుంది. తమ లీగ్‌లో ఇప్పటిదాకా ఆడిన వాళ్లందరిలోంచి పదకొండు మందిని ఏరి, అందరికన్నా మేటి జట్టు ఇదేనని వాదించడం. ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో అయితే దీనికి నియమం తేలిక. లీగ్‌లో ఆడి ఉండాలి, అంతే. హైదరాబాద్ విషయంలో ఆ నియమం పెట్టిన మరుక్షణం రెండు జట్లు తయారవుతాయి. ఒకటి హైదరాబాద్ పేరుతో లీగ్ ఆడినవాళ్లది. రెండోది హైదరాబాద్ మైదానాల్లో ఆట నేర్చి దేశానికి ఆడినవాళ్లది. మొదటి జట్టుకు ఎంపిక కష్టమేమీ కాదు. గోల్‌లో కట్టిమణి, ముందు ఒగ్బెచె, మధ్యలో మార్కెజ్ నమ్ముకున్న కుర్రాళ్లు. పది నిమిషాల పని. రెండో జట్టుతోనే తంటా.

ఎందుకంటే ఆ జట్టులో ఎవరూ ఏ జాతీయ లీగ్‌లోనూ ఆడలేదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది 1996లో. అది ఐ-లీగ్‌గా మారింది 2007లో. ఐఎస్ఎల్ వచ్చింది 2014లో. అప్పటికి ఈ దిగ్గజాలందరూ బూట్లు విప్పేశారు. భారత ప్రొఫెషనల్ లీగ్ ఆల్‌టైమ్ లెవెన్ అంటూ ఎవరు జాబితా వేసినా నిబంధన ప్రకారమే వీరంతా బయటుండిపోతారు. ఒక్క షబ్బీర్ అలీ మాత్రం కోచ్ హోదాలో లోపలికి రాగలరు. ఆయన శిక్షణలో గోవాకు చెందిన సాల్గావ్‌కర్ 1998-99 నేషనల్ లీగ్ గెలుచుకుంది.

రెండో జట్టుకు కోచ్ ఎవరన్నదానిపై మాత్రం వాదన లేదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఆయన తీర్చిదిద్దిన తీరుకు రికార్డు పుస్తకమే సాక్ష్యం. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. డ్యూరాండ్ కప్ 1950లో, 1954లో, 1957లో దక్కింది. ఆంధ్రా పోలీస్‌గా పేరు మారాక 1961లో మరోసారి తెచ్చుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58లలో వరుసగా గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఇంకోసారి గెలిచింది. ఆ తర్వాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు.

రహీమ్ పద్ధతులు అప్పట్లో వింతగా తోచాయి. కుర్రాళ్లకు ఆయన పెట్టిన పోటీల్లో కొన్నింట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే పాస్ ఇవ్వాల్సిందే. మరికొన్నింట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమ కాలితో తిప్పలు పడుతుంటే గట్టు మీద జనానికి నవ్వొచ్చి ఉంటుంది. రహీమ్ శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1 విజయం నాటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది, 1963 జూన్ 11న కన్నుమూశారు. అజయ్ దేవ్‌గణ్ నటించిన 'మైదాన్' (2024) వచ్చేదాకా ఆయన సొంత నగరంలోనే ఈ తరానికి ఆ పేరు తెలియదంటే అతిశయోక్తి కాదు.

ఇక జట్టు. ఐదుగురు ఫార్వర్డ్‌లు, ఇద్దరే బ్యాక్‌లుండే పాతకాలపు 2-3-5 ఇప్పటి పాఠకుడికి పట్టదు. కాబట్టి నలుగురు డిఫెన్స్, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు అనుకుందాం.

గోల్‌లో పీటర్ తంగరాజ్. 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్‌గా గుర్తింపు పొందిన ఆజానుబాహువు. అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. తంగరాజ్ పుట్టిందీ ఆట మొదలెట్టిందీ జంటనగరాల్లోనే. కానీ ఆయన్ను గోల్‌కీపర్‌గా మలచింది సైన్యం. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955, 1958లలో డ్యూరాండ్ గెలిచినప్పుడు గోల్ కాసింది ఆయనే. నియమానికి మరీ కట్టుబడితే ఆయన్ను మద్రాసుకు వదులుకోవాలి. అంత నిజాయితీ ఏ హైదరాబాదీ అభిమానికీ ఉండదు. ఉండనక్కర్లేదు కూడా.

డిఫెన్స్‌లో మెల్‌బోర్న్ ఆటగాళ్లు అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్‌లకు చోటు ఖాయం. వారి మధ్య సయ్యద్ నయీముద్దీన్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్. ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఆ తర్వాత ఆసియా క్రీడల పతకమే లేదు. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య రెండూ అందుకున్న అరుదైన మనిషి. ఆయన శిష్యులు ఆటకన్నా ముందు ఆయన క్రమశిక్షణ గురించి చెబుతారు.

మిగిలింది లెఫ్ట్ బ్యాక్. అక్కడ తేలిగ్గా పేరు తోచదు. ఈ చిక్కుకు రహీమ్ దగ్గరే విరుగుడు ఉంది. యూసుఫ్ ఖాన్. రోమ్ ఒలింపిక్స్ (1960), జకార్తా స్వర్ణం రెండింటిలోనూ ఉన్న ఈ పోలీస్ ఆటగాడు ముందు వరసలో ఆడారు, మధ్యలో ఆడారు, వెనకా ఆడారు. ఎక్కడ వేస్తే అక్కడ సర్దుకుపోయే ఆటగాడికి ఇలాంటి జాబితాల్లో జరిగే అన్యాయమే ఇక్కడా జరుగుతుంది. ఖాళీ ఎక్కడుంటే అక్కడికి నెట్టేస్తాం.

మధ్యలో హెల్సింకి (1952), మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండూ ఆడిన నూర్ మహమ్మద్. ఆయన పక్కన మహమ్మద్ హబీబ్. నిజానికి హబీబ్ ఫార్వర్డ్. కానీ మైదానం నలుమూలలా పరుగెత్తి, బంతి పోగొట్టుకుంటే వెంటపడి గుంజుకునే ఆయన్ను ఒక వరసకు కట్టేయడం ఎవరి తరమూ కాలేదు. కోల్‌కతా ఆయన్ను 'బడే మియా' అని పిలుచుకుంది. 1977లో పెలే న్యూయార్క్ కాస్మాస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ ఆ మ్యాచ్‌ను 2-2తో డ్రా చేసింది. ఆ రెండింటిలో ఒక గోల్ హబీబ్‌ది. ఆ రోజుల్లో ఫుట్‌బాలర్ అంటే బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగి. సాయంత్రం ఆటగాడు. హబీబ్ ఉద్యోగాల జోలికి పోకుండా ఆటనే వృత్తిగా చేసుకున్నారు. దేశంలో తొలి అసలైన ప్రొఫెషనల్ ఆయనేనని అందుకే అంటారు. ప్రొఫెషనల్ లీగ్ రావడానికి చాలా ముందే వచ్చిన ప్రొఫెషనల్ అన్నమాట. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మరణించారు.

ముందు వరసకు పోటీ ఎక్కువ. హబీబ్ తమ్ముడు అక్బర్ 1976 కోల్‌కతా డెర్బీలో ఆట మొదలైన 17 సెకన్లకే ఈస్ట్ బెంగాల్‌పై గోల్ కొట్టారు. షబ్బీర్ అలీ సారథ్యంలో భారత యువజట్టు 1974 ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో కలిసి పంచుకుంది. మెల్‌బోర్న్ ఆడిన జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. 'ఆసియా పెలే' అని పేరుపడ్డ ధర్మలింగం కణ్ణన్ ఉన్నారు. కోల్‌కతా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడిన విక్టర్ అమల్‌రాజ్‌నూ తోసిపుచ్చలేం. కుడివైపు జుల్ఫికరుద్దీన్, నడుమ షబ్బీర్, అక్బర్ అంటే కణ్ణన్ అభిమానులు ఊరుకోరు. ఊరుకోకపోవడానికి వారికి హక్కుంది.

ఎడమవైపు మాత్రం ఓటింగ్ అవసరం లేదు.

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టారు. శిక్షణకు రావడానికి బస్సు ఖర్చులకు కూడా లేకపోతే సైకిల్ అద్దెకు రహీమే డబ్బిచ్చేవారని చెప్పుకుంటారు. 1956లో మెల్‌బోర్న్ వెళ్లారు. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం - భారత ఫుట్‌బాల్‌లో ఇలాంటి త్రయం మళ్లీ రాలేదన్నది కోల్‌కతా మాట. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1961లో ఈస్ట్ బెంగాల్‌ను కెప్టెన్‌గా లీగ్ విజేతను చేశారు. క్షయ సోకడంతో 1963లో, ఇంకా పాతికేళ్లు దాటీ దాటకముందే అంతర్జాతీయ ఆటకు దూరమయ్యారు. పి.కె.కు, చునీకి పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒంటరిగా గడిపి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. బెంగాల్ ఆయన్ను తనవాడనే అనుకుంది. అమ్ముగూడలో ఎంతమందికి గుర్తున్నారు?

జాబితా పూర్తయ్యాక ఒకసారి పైనుంచి కిందకు చదివితే ఒక సంగతి తడుతుంది. తెలుగు ఇంటిపేరు ఒక్కటీ లేదు. ఓల్డ్ సిటీ ఉర్దూ, కంటోన్మెంట్ తమిళం కలిస్తే తయారైన జట్టిది. బ్రిటిష్ సైనికులు సికింద్రాబాద్ పరేడ్ మైదానాల్లో వదిలివెళ్లిన ఆటను అక్కడి కూలీల, బంట్రోతుల పిల్లలు అందుకున్నారు. మూసీకి ఆవలివైపు పోలీస్ ఉద్యోగం ఎర అయింది. తెలుగు పత్రికలు ఈ ఆటగాళ్లను మనసారా తమవాళ్లనుకోకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆట వార్త అంటే తర్వాతి దశాబ్దాల్లో క్రికెట్టే అయిపోవడం ఇంకో కారణం.

రెండో సంగతి మరింత ఇబ్బందికరం. హబీబ్, అక్బర్, నయీముద్దీన్, బలరాం, షబ్బీర్ - వీరి కెరీర్‌లో సింహభాగం కోల్‌కతాలోనే గడిచింది. జీతమూ ప్రేక్షకులూ ఉన్నది అక్కడే. హైదరాబాద్ స్థానిక లీగ్ వారికి ఉద్యోగం చూపించగలిగింది గానీ ఫుట్‌బాల్‌తో బతుకు చూపించలేకపోయింది. రహీమ్ పోయాక తయారుచేసేవాడూ లేడు. పోలీస్ జట్టు పాత వైభవం నెమ్మదిగా కరిగిపోయింది. మన ఆల్‌టైమ్ జట్టులో 1980ల తర్వాతి ఆటగాడు ఒక్కడు కూడా లేకపోవడం ఎంపిక చేసేవాళ్ల పాతకాలపు అభిమానం కాదు. వెతికినా పేర్లు దొరకవు.

లీగ్ వచ్చాకైనా మారిందా? ఐఎస్ఎల్ మొదలైనప్పుడు ఎనిమిది జట్లలో హైదరాబాద్ లేదు. 2019లో పుణె ఫ్రాంచైజీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మూడో సీజన్‌కే కప్పు గెలిచింది, నాలుగో సీజన్‌లో పాయింట్ల పట్టికలో రెండో స్థానం. ఆ వెంటనే డబ్బు కష్టాలు. 2025లో ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కప్పు కథ అక్కడితో సరి. ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24లలో వరుసగా రెండో స్థానంలో నిలిచి, ఒక్క మెట్టు దూరంలో పైలీగ్‌ను అందుకోలేకపోయింది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. 1-0తో గెలిచింది బెంగాల్.

పాత జట్టుకు సబ్‌స్టిట్యూట్లు కావాలంటే ఇప్పుడు నిజామాబాద్ వైపు చూడాలి. అక్కడి తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో వింగర్. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడి వచ్చారు. 2024-25లో ఆమె క్లబ్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలుచుకుంది. ఆ క్లబ్ పేరు ఈస్ట్ బెంగాల్.