పళ్ల డాక్టరు పట్టిన పట్టు

డాక్టర్లు రాజకీయాల్లోకి రావడం మనకి కొత్తేం కాదు. వైద్యం చదివిన రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రే అయ్యారు కదా! మరి పళ్ల డాక్టరో? పిప్పి పన్ను పీకే చేత్తో చట్టం రాయబోయి, పెద్ద పెద్ద ఇన్సూరెన్సు కంపెనీలకి చెమటలు పట్టించిన ఒకాయన అమెరికాలో ఉండేవారు. ఆయన పేరు చార్లీ నార్వుడ్.

1941లో జార్జియా రాష్ట్రంలోని వాల్డోస్టా అనే ఊళ్లో పుట్టారు. 1967లో జార్జ్‌టౌన్ యూనివర్శిటీలో దంతవైద్యం పూర్తి చేసి, వెంటనే సైన్యంలో చేరారు. అప్పుడు వియత్నాం యుద్ధం జోరుగా సాగుతోంది. సైనికుడికి పన్ను నొప్పి వస్తే వెనక ఎక్కడో ఉన్న ఆసుపత్రికి మోసుకెళ్లేవారట. అలా కాకుండా డాక్టరునే యుద్ధం జరిగే చోటుకి పంపించే పద్ధతి మొదలుపెట్టినప్పుడు, ముందుగా వెళ్లినవారిలో ఈయన ఒకరు. అక్కడ సైన్యం వారి కాపలా కుక్కలకి కూడా పళ్ల వైద్యం చేశారంటే చూడండి! మనుషులే నోరు తెరవడానికి భయపడతారు, కుక్క ఊరుకుంటుందా?

1969లో తిరిగొచ్చి, భార్య గ్లోరియాతో ఆగస్టా పట్నంలో కాపురం, ప్రాక్టీసు పెట్టారు. ఇద్దరు మగపిల్లలు. పాతికేళ్లు అలా గడిచాయి. 1994లో 53 ఏళ్ల వయసులో రిపబ్లికన్ పార్టీ తరఫున ప్రతినిధుల సభకి (మన లోక్‌సభ లాంటిదనుకోండి) నిలబడి గెలిచారు. ప్రభుత్వం అన్నిట్లోనూ వేలు పెట్టకూడదు, నిబంధనలు తగ్గాలి అనేది ఆయన వాదం. అలాంటి మనిషే ఇన్సూరెన్సు కంపెనీలకి కళ్లెం వెయ్యాలని బయల్దేరడం విచిత్రం.

అసలు సంగతి ఏమిటంటే, అమెరికాలో చాలామందికి వైద్యబీమా ఉద్యోగంతోపాటే వస్తుంది. డబ్బు బాగా ఖర్చవుతోందని 1990లలో కంపెనీలు పట్టు బిగించాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో, ఏ పరీక్ష చేయించాలో, ఆపరేషను అవసరమో కాదో వాళ్లే చెప్పేవారు. రోగి చెయ్యి పట్టుకుని చూసిన డాక్టరు కావాలంటాడు, ఎక్కడో ఆఫీసులో కూర్చున్నాయన వద్దంటాడు! ఆ ఆలస్యం వల్ల రోగికి ముప్పు వచ్చినా, 1974 నాటి ఒక చట్టం అడ్డుపడేది. ఆఫీసు తరఫున బీమా ఉన్నవాళ్లు కోర్టుకెళ్లినా, ఎగ్గొట్టిన వైద్యం ఖర్చు వరకే అడగచ్చు. పోయిన ప్రాణానికి నష్టపరిహారం లేదు. 1997లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో, ఉబ్బసంతో బాధపడే పిల్లాడి తల్లి ఈ బీమా కంపెనీలని నోటికొచ్చినట్టు తిడితే హాల్లో జనం చప్పట్లు కొట్టారట. అంత కడుపుమంట మరి!

మన పిల్లలు ఎంతమంది ఆ దేశంలో కాపురాలు చేసుకుంటున్నారో తెలిసిందే. ఫోనులో వాళ్లు "ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోవాలమ్మా" అన్నప్పుడు వెనకాల ఇంత కథ ఉంది.

నార్వుడ్ గారు రోగుల హక్కుల బిల్లు పట్టుకున్నారు. సొంత పార్టీ పెద్దలు వద్దన్నా వినలేదు. ఎదటి పార్టీ నాయకుడు జాన్ డింగెల్‌తో చేతులు కలిపారు. 1999 అక్టోబరులో ఆ బిల్లు 275-151 ఓట్లతో నెగ్గింది. అయితే సెనేట్ వారి బిల్లు వేరు. రెండూ కలవక అటకెక్కింది.

ఇక 2001లో జరిగింది మాత్రం నాకు మింగుడుపడదు. బిల్లు తను అనుకున్నట్టు లేకపోతే సంతకం పెట్టనన్నారు ప్రెసిడెంటు బుష్. ఆగస్టు 1న నార్వుడ్ గారు ఆయనతో రాజీకొచ్చారు. ఇన్నాళ్లూ పక్కన నిలబడ్డవాళ్లకి ఒక్క మాటైనా చెప్పకుండా! బాధకి, వేదనకి ఇచ్చే పరిహారం 15 లక్షల డాలర్లు దాటకూడదని ఒప్పుకున్నారు. మర్నాడు ఆ సవరణ 218-213తో, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు నెగ్గింది. పాత స్నేహితులు మండిపడ్డారు. సంతకం కాని చట్టం కన్నా సగం చట్టమైనా నయం అనుకున్నారేమో. కానీ ఆ సగమూ దక్కలేదు. సెనేట్ వారి బిల్లుతో ఇదీ కలవక మూలపడింది. కంపెనీ కాదంటే బయటివారి చేత మళ్లీ చూపించుకునే హక్కు దేశమంతటికీ వర్తించేలా 2010 చట్టంలో గాని రాలేదు.

ఆయన చేసినవన్నీ మెచ్చుకోదగ్గవని నేననను. నల్లవారి ఓటు హక్కుని కాపాడే చట్టాన్ని 2006లో పొడిగించేటప్పుడు అడ్డుపడ్డవారిలో ఈయనా ఉన్నారు.

ఈలోగా ఆయనే రోగి అయ్యారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. 2004లో ఒక ఊపిరితిత్తి మార్చారు. ఆ తర్వాత క్యాన్సరు పట్టుకుంది. అయినా 2006లో ఏడోసారి గెలిచారు. 2007 ఫిబ్రవరిలో ఇక వైద్యం వద్దని తనంతట తనే చెప్పి, వాషింగ్టన్ వదిలి ఆగస్టాకి వచ్చేశారు. 13వ తారీకున 65 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే ఊళ్లో మాజీ సైనికులకి ఉన్న పెద్దాసుపత్రికి ఇప్పుడు ఆయన పేరే.