పీడకునికి సహాయమేమిటి?

2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాలకు చెందిన ఒక పి.జి. విద్యార్థిని మరణించినపుడు, సీనియర్ వేధింపులే కారణమన్న ఆరోపణపై పోలీసులు కేసు పెట్టారు. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. అయితే అటువంటి వార్త విన్నప్పుడల్లా మన ఇళ్ళలో కలిగే భయం ఒక్కటే: మన బిడ్డకు ఇలా జరగకూడదు. మన బిడ్డ ఇంకొకరికి ఇలా చేయకూడదన్న భయం అంతగా కనబడదు.

చట్టం లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలోనూ అమలులో ఉంది. అవమానపరచినందుకు ఆరు నెలల వరకు, ఆత్మహత్యకు పురికొల్పితే అంతకన్నా ఎక్కువ కాలం జైలు. ఫిర్యాదు అందినా కదలని ప్రిన్సిపాలును కూడా నేరానికి తోడ్పడినవాడిగానే అది చూస్తుంది. 2009 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం విద్యార్థితో పాటు తల్లో తండ్రో ప్రమాణపత్రం ఇవ్వాలి. అడ్మిషన్ కాగితాల నడుమ ఆ సంతకమూ పడిపోతుంది. చదివి పెట్టేవారెందరు?

దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా ఎగతాళిని, చెడ్డపేర్లతో పిలవడాన్ని నిషేధించింది. హింసకు మొదటి మెట్టు అదే. యాసకో, ఒంటి రంగుకో పెట్టిన పేరు నవ్వులాటగా మొదలై, నవ్వినవారి అండతో చేయి చేసుకోవడం దాకా పోతుంది.

సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా అతనికి సహాయపడమని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. పీడకునికి సహాయమేమిటని సహచరులు విస్తుపోయారు. అతని చేయి పట్టి ఆపడమేనని సమాధానం లభించింది.

ఫిన్లాండులోని తుర్కు విశ్వవిద్యాలయం 2006లో చేపట్టిన కివా అనే పాఠశాల కార్యక్రమానికి కూడా ఇదే ఆయువుపట్టు. కొట్టినవాడితోనూ, దెబ్బ తిన్నవాడితోనూ మాట్లాడి ఊరుకోక, చూస్తూ నిలబడిన తరగతికంతటికీ అది శిక్షణ ఇస్తుంది. వేధింపులు అంతరించలేదు గాని, తగ్గాయి.

ఇక ఇల్లు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు ప్రవక్త (స) సేవలో ఉండి ఒక్క విసుగు మాటైనా పడలేదు. బెల్టుతో కొడుకును దారికి తెచ్చే తండ్రి నేర్పేది మాత్రం బలమున్నవాడిదే పైచేయి అని. “మీవాడు కొట్టాడు” అని బడి నుండి కబురొస్తే పంతుళ్ళతో తగవుకు దిగడం సహాయం కాదు. కొట్టకుండా, కేకలు వేయకుండా జరిగినదంతా వాడినే చెప్పనివ్వాలి. దెబ్బ తిన్న పిల్లవాడి తల్లిదండ్రులు సమ్మతిస్తే వాడిని వెంటబెట్టుకొని ఆ గడప తొక్కాలి. తర్వాత కొన్ని వారాలపాటు పంతులును కలిసి వాడి నడవడి విచారిస్తూ ఉండాలి.

కళాశాలలో చదివే పిల్లలకు జాతీయ ర్యాగింగ్ నిరోధక సహాయ కేంద్రం నంబరు 1800-180-5522 తెలిసి ఉండాలి. బాధితుడే కానక్కరలేదు, చూసినవాడు కూడా ఫోను చేయవచ్చు.